కోటీ నూట పదహారు

ఉద్యోగం అసలు ఏమిటంటే

లెక్కల టీచర్లుగా కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పాతవాళ్ళు చదవనక్కర్లేదు, వాళ్ళిక బాగుపడరు.

పదో తరగతి పుస్తకం చెప్పడానికి మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకున్నారని మీరు అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకుని కళ్యాణదుర్గంలో బస్సు దిగి, కుందుర్పి వైపు పోయే ఆటో ఎక్కాను. దిగిన ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ ఊరి ఏడు వీధుల వాళ్ళూ మా ఇంటికొచ్చి, ఊరి పేరు రాసినదానివి మా వీధి పేరు ఎందుకు రాయలేదని నిలదీస్తారు. ఉన్నత పాఠశాలలో చేరిన మొదటి వారంలోనే ఒక ముసలాయన నన్ను దారిలో ఆపి, తన బర్రె ఎప్పుడు ఈనుతుందో లెక్కగట్టి చెప్పమన్నాడు. నాకు తెలీదన్నాను.

"తెలీదా? మరి లెక్కల టీచరని నిన్ను ఎట్ల పెట్టినారమ్మా?" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. నన్ను పెట్టినవాళ్ళ మీద ఆయనకు ఆ రోజే నమ్మకం పోయింది.

ఊళ్ళో లెక్కల టీచరంటే అంకె కనిపించిన ప్రతిచోటా హాజరు కావలసిన మనిషి. కొత్త బండి నంబరు కలిసొస్తుందా లేదా అని అడుగుతారు. పొలం మూల వంకరగా ఉంటే టేపు తెచ్చి చేతికిస్తారు. ఫోను నంబర్లో రెండు ఎనిమిదులు పక్కపక్కన ఉంటే పోట్లాడుకుంటాయా అని అడిగినవాళ్ళున్నారు. నాకు మొదట్నుంచీ కోపం ఎక్కువ. మొదట్లో కసురుకునేదాన్ని, తర్వాత కసురుకుంటూనే చెప్పేదాన్ని.

పదోన్నతులు, బదిలీలు, శిక్షణ తరగతుల్లో పెట్టిన ఉప్మా, వీటి గురించి ఏమీ రాయను. ఒకే ఒక్క సంఖ్య గురించి రాస్తాను. మా బడికి నీళ్ళు రావాలా వద్దా అన్నది ఆ సంఖ్య మీద ఆగింది కాబట్టి, నా సర్వీసు మొత్తంలో నేను నిజంగా భయపడుతూ చేసిన భాగహారం అదొక్కటే.

తొమ్మిది గారు

ముందు మా హెడ్మాస్టరు సంగతి చెప్పాలి, తర్వాత ఆయన అవసరం పడుతుంది. వెంకటస్వామి గారు. మనిషి మంచివాడు, పిల్లల్ని కొట్టడు, సెలవు అడిగితే ఇస్తాడు. ఆయనకున్న జబ్బల్లా తొమ్మిది. అంకెలన్నీ కూడితే తొమ్మిది రాని వస్తువును నమ్మడు. స్కూటరు నంబరు కూడితే తొమ్మిది, ఇంటి నంబరు కూడితే తొమ్మిది. పెళ్ళి తేదీ మాత్రం నాలుగు వచ్చిందట. దాని గురించి ఇంట్లో మాట్లాడొద్దని మాకు ముందే చెప్పి భోజనానికి పిలిచేవాడు.

ఒక ఏడాది పదో తరగతిలో నలభై ఏడు మంది చేరారు. నాలుగూ ఏడూ పదకొండు, పదకొండును మళ్ళీ కూడితే రెండు. ఆయనకు అన్నం సయించలేదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి ఏడుగురిని పట్టుకొచ్చి యాభై నాలుగు చేసేదాకా ఊరుకోలేదు. ఆ ఏడుగురిలో ఇద్దరు అప్పటికే ఇంకో బడిలో చదువుతున్నారని తర్వాత తెలిసింది. ఆ బడి హెడ్మాస్టరు వచ్చి మా హెడ్మాస్టరుతో మాట్లాడిన మాటలు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

నేను ఆయనకు ఎన్నోసార్లు చెప్పాను. "సార్, అంకెలు కూడితే తొమ్మిది వచ్చిందంటే ఆ సంఖ్య తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడుతుందని మాత్రమే అర్థం. అదృష్టానికీ దానికీ సంబంధం లేదు" అని. ఆయన శ్రద్ధగా వినేవాడు.

"అంటే తొమ్మిదికి అంత శక్తి ఉండాది అనే కదా మేడం మీరు చెప్పేది?" అనేవాడు.

కొత్త టీచర్లకు నా సలహా ఏమిటంటే, హెడ్మాస్టరుకు లెక్కలు చెప్పే ప్రయత్నం చేయకండి. పిల్లలకు చెబితే మార్కులన్నా వస్తాయి.

ఎండిన కొళాయి

ఇక అసలు కథ. మా బడిలో నీళ్ళు లేవు. ఊళ్ళోనే లేకపోతే బడిలో ఎక్కడివి? మధ్యాహ్న భోజనం వండే మేరమ్మ ఊరి చివర ట్యాంకు దగ్గర్నుంచి తోపుడుబండి మీద బిందెలు పెట్టుకుని తెచ్చేది. ఆ నీళ్ళతోనే వంట, ఆ నీళ్ళతోనే పిల్లల పళ్ళేలు. ఆడపిల్లలు మధ్యాహ్నం కాగానే ఏదో ఒక సాకు చెప్పి ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు, మరుగుదొడ్లో నీళ్ళు లేకపోవడమే అసలు కారణమని నాకు తెలుసు. మధ్యాహ్నం తర్వాత నా తరగతిలో సగం బెంచీలు ఖాళీ. దానికి నాకు కలిగిన బాధ ఇంతా అంతా కాదు. ఎవరి మీద అరవాలో తెలియక మగపిల్లల మీద అరిచేదాన్ని.

ఆ ఊళ్ళో తిప్పారెడ్డి అని పెద్ద రైతు ఉన్నాడు. పొలం నిండా బోర్లు వేయించాడు, అన్నీ దుమ్మే కక్కాయి. చివరికి బోరు బండి వాళ్ళే జాలిపడి ఇక వద్దన్నారు. అప్పుడు ఆయన మొక్కుకున్నాడు, ఈ ఒక్కటీ పడితే ఊరంతా కలిసి రామకోటి రాయిస్తానని. పడింది. ఎలా పడిందంటే, ఊళ్ళో జనం పనులు మానుకుని ఆ నీళ్ళను చూడ్డానికి పోయారు.

తిప్పారెడ్డి మాట మీద నిలబడే మనిషి. ఆ బోరు నుంచి బడికి పైపు వేయిస్తానని అందరి ముందూ చెప్పాడు, వేయించాడు కూడా. మేరమ్మ వాళ్ళ వీధిలో గుడికి పోయే ఇళ్ళవాళ్ళు రామకోటి రాస్తామన్నారు, చర్చికి పోయే ఇళ్ళవాళ్ళు మేము కాలువ తవ్వుతామని గడ్డపారలు తెచ్చారు. పైపు వచ్చింది, బడి ఆవరణలో కొత్త కొళాయి నిలబడింది. కింద సిమెంటు తొట్టి కట్టారు. నీళ్ళు మాత్రం వదల్లేదు.

"మొక్కుతో వచ్చిన నీళ్ళు మేడమ్మా" అన్నాడు తిప్పారెడ్డి. "మొక్కు తీరకుండా బైటికి వదిలితే బోరు మల్లా ఎండిపోతాది. కోటి పూర్తి కానీ, ఆ పొద్దే తిప్పుతా."

పిల్లలు రోజూ వరసగా వచ్చి ఆ కొళాయి తిప్పి చూసేవాళ్ళు. లోపల్నుంచి కొంచెం గాలి వచ్చేది. వాళ్ళు దానికే సంతోషపడేవాళ్ళు, నాకు మాత్రం ఒళ్ళు మండేది.

కుదరదు

రామకోటి అంటే తెలియనివాళ్ళు ఉండరు. 'శ్రీరామ' అని కోటిసార్లు రాయాలి. ఒక్కరే రాస్తే జన్మంతా పడుతుంది, ఊరంతా కూర్చుంటే అవుతుంది. ఏడు వీధులూ సమానంగా పంచుకుని రాయాలని తిప్పారెడ్డి షరతు.

"ఒక వీధికి ఒక్క నామం ఎక్కువ పోకూడదు, ఒక్కటి తక్కువ పోకూడదు" అన్నాడు. "పోయినసారి ఊరి దేవరకు ఒక వీధోల్లు ఒక పొట్టేలు ఎక్కువ ఇచ్చినారు. దాన్ని తిని ఎన్నేండ్లయిందో. ఈ పొద్దుటికీ ఆ పొట్టేలు వాళ్ళ వీధిలో మేస్తానే ఉండాది."

అది నిజమే. ఆ వీధి వాళ్ళు ఏ మాట మొదలుపెట్టినా పొట్టేలు దగ్గరికే వచ్చేవాళ్ళు.

"మేడమ్మా, కోటిని ఏడు బాగాలు చేసి చీటీ మీద రాసీయండి. సాయంత్రం మొదలుపెడ్తాం."

"కుదరదు" అన్నాను.

"ఈ పొద్దు కుదరదా? అయితే రేపు చెప్పండి."

"రేపూ కుదరదు. ఎల్లుండీ కుదరదు. కోటిని ఏడు సమాన భాగాలు చేయడం ఎవరికీ, ఎప్పటికీ కుదరదు."

తర్వాత నేను చేసింది ప్రతి లెక్కల టీచరూ చేసేదే. అడక్కుండానే వివరించాను. కోటి అంటే పదిని ఏడుసార్లు వేసి గుణించడం. పదిలో ఉన్నవి ఒక రెండూ, ఒక అయిదూ. కోటిని ఎంత చీల్చినా ఏడు రెళ్ళు, ఏడు అయిదులు తప్ప ఇంకేమీ రాలవు. అందులో ఏడు లేదు. వీధులు రెండుంటే పంచొచ్చు, నాలుగున్నా, అయిదున్నా, ఎనిమిదున్నా పంచొచ్చు. ఏడుంటే మాత్రం తలా 14,28,571 పోగా మూడు నామాలు మిగిలిపోతాయి.

తిప్పారెడ్డి మొహం వెలిగిపోయింది. "ఏడు రెండ్లు, ఏడు అయిదులు ఉండాయంటిరి కదా? వీధులేమో ఏడు. వీధికొక రెండు, ఒక అయిదు వస్తాయి. రెండైదులు పది. అంటే వీధికి పది నామాలు రాస్తే సరిపాయె!"

కోటి నామాల మొక్కును డెబ్బై నామాలకు తెగ్గొట్టిన ఆ తెలివికి అక్కడున్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. కూడిక వేరు, గుణకారం వేరు అని చెప్పీ చెప్పీ నాకు గొంతు పోయింది.

మిగిలిన మూడు నామాలూ ఎవరు రాస్తారంటే మొదట అందరూ మాకొద్దంటే మాకొద్దన్నారు. అప్పుడు పూజారి శేషయ్య స్వామి ఊరుకోక, కోటి ఫలమంతా ఆఖరి నామం రాసిన చేతికి పోతుందని ఒక మాట అన్నాడు. అంతే, ఏడు వీధులూ లేచి నిలబడ్డాయి. చీటీలు వేద్దామంటే, మూడు వీధులకు వస్తే మిగతా నాలుగు వీధులూ ఏం చేయాలన్నారు. ఎవరో వెనకనుంచి పొట్టేలు పేరెత్తారు. రాయడం మొదలుకాకముందే ఆగిపోయింది.

మేరమ్మ బండి తోసుకుంటూ వచ్చి నా తరగతి గుమ్మం దగ్గర ఆగింది. "నువ్వు చెప్పకుంటే పోయేది గదా మేడం. రాసుకుంటా పోయేటోల్లు. నిజం చెప్పి నా నడుము ఇరగ్గొడ్తాండావు."

చెప్పినందుకు నేను ఇప్పటికీ చింతించను. చెప్పకపోతే కోటి దగ్గరపడ్డాక మూడు మిగిలేవి, అప్పుడు కొట్లాట ఇంకా పెద్దదయ్యేది. కానీ మేరమ్మ నడుము చేత్తో పట్టుకుని నిలబడితే ఆ వాదన దేనికీ పనికిరాదు. ఎలాగైనా ఈ ముడి నేనే విప్పాలని అప్పుడే అనుకున్నాను.

నాలుగు, పదకొండు, పద్దెనిమిది

నా మాట మీద నమ్మకం లేక తిప్పారెడ్డి కళ్యాణదుర్గం నుంచి ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరర్ను పిలిపించాడు. తెల్ల చొక్కా, పెద్ద ఫోను. ఆయన తిప్పారెడ్డి వసారాలో కూర్చుని ఫోను మీద నొక్కి, "వీధికి 14,28,571 పాయింటు 428571, మళ్ళీ 428571, మళ్ళీ 428571..." అని చదువుకుంటూ పోయాడు. ఏడుతో భాగించినప్పుడు వచ్చే ఆ ఆరు అంకెలు ఎప్పటికీ ఆగవు. బెళుగుప్ప ఊరికి పోయే ఆటో లాగా తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి. ఇది ఎంత అందమైన విషయమో నేను చెప్పబోయాను, ఎవరూ విన్లేదు.

"అంటే వీధికి ఇంకో అర నామం కన్నా కొంచెం తక్కువ రాస్తే సరి" అని తేల్చాడు లెక్చరరు.

శేషయ్య స్వామి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "రామనామాన్ని కోస్తావేమప్పా నువ్వు? కత్తి తెచ్చుకున్నావా, ఈడ ఇమ్మంటావా?"

లెక్చరరు కాఫీ తాగకుండానే ఆటో ఎక్కాడు.

మా హెడ్మాస్టరు ఇంకో ఉపాయం తెచ్చాడు. రెండు వీధుల్ని మధ్యలో చీల్చి మొత్తం తొమ్మిది వీధులు చేద్దామన్నాడు. కోటిని తొమ్మిదితో భాగిస్తే ఒకటి మిగులుతుందని చెబితే, తొమ్మిది అలా చేయదని నా మీద అలిగాడు.

చివరికి నేనే చెప్పాను, తగ్గించడమో పెంచడమో చేద్దామని. తగ్గించడానికి తిప్పారెడ్డి ఒప్పుకోలేదు. "మూడు తక్కువ కోటా? మండీలో మన చెనిక్కాయలు తక్కువ తూకమేసినట్ల దేవునికి తూకమేస్తామా?" అన్నాడు. సరే, పెంచుదాం. కోటికి నాలుగు కలిపితే ఏడుతో శేషం లేకుండా తెగుతుంది.

"నాలుగా? పాడె మోసేది నలుగురు. వద్దు."

నాలుగుకు ఏడు కలిపితే పదకొండు. కోటీ పదకొండు కూడా తెగుతుంది.

"పదకొండో దినం కర్మ చేస్తారు మేడమ్మా" అన్నాడు శేషయ్య స్వామి.

పద్దెనిమిది.

"భారతంలో కొట్లాట పద్దెనిమిది దినాలు. మాకుండే కొట్లాట చాలదా?" అన్నాడు మళ్ళీ ఆయనే.

ఇరవై అయిదు.

తిప్పారెడ్డి మొహం నల్లబడింది. "నేను ఓడిపోయిన బూమి కేసు నంబరు ఇరవై ఐదు" అన్నాడు.

నేను చాక్‌పీసు నేలకేసి కొట్టాను. ఇంక ఎంత పెంచినా వీళ్ళు దానికి ఒక చావో కేసో వెతుకుతారని తేలిపోయింది. బడి కొళాయి కళ్ళముందు కనిపించి ఏడుపొచ్చింది. ఇంతమంది మధ్యలో ఏడవడం ఇష్టంలేక, ఎదురుగా ఉన్న గంపలోంచి పిడికెడు వేరుశెనగ గింజలు తీసుకుని నమిలాను.

అవ్వ కోపం

ఆ గంప నాగమ్మవ్వది. తిప్పారెడ్డి తల్లి. వసారా మూలన కూర్చుని, విత్తనానికి దాచిన కాయలు ఒలుస్తోంది. రోజూ జరుగుతున్న ఈ పంచాయితీకి వచ్చినవాళ్ళందరూ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె గంపలో చేయి పెడుతున్నారు. నా చేయి ఆఖరిది. ఆమె దాన్ని పట్టుకుంది.

"నువ్వు కూడా ఏమ్మా? మీ లెక్క తెగేలోపల నా ఇత్తనాలన్నీ మీ కడుపులోకి పోయేట్టుండాయి. ఏందిరా అది, కోటి కోటి అంటాండారు? కోటికి కొసన ఏముంటాది?"

"సున్నాలుంటాయమ్మా. ఏడు సున్నాలు" అన్నాడు తిప్పారెడ్డి.

"సున్నాలా!" అవ్వ చేతిలో కాయ ఆగింది. "సున్నాతో ముగిసేది దేవునికి ఇస్తారేమిరా ఎవరన్నా? పెండ్లికి పోతే నూరు సదివిస్తావా, నూటపదార్లు సదివిస్తావా? ఏమయ్యా శేషయ్యా, నీకు ఉత్త నూరు ఇస్తే కండ్లకద్దుకుంటావా?"

శేషయ్య స్వామి నేల చూపులు చూశాడు.

"మనుషులకైతే నూటపదార్లు, దేవునికైతే ఏడు సున్నాలు! మీ నాయన ఉండింటే చెప్పుతో కొట్టేటోడు. కోటీ నూటపదార్లు రాస్తామని చెప్పి లేయండి ఈడినుంచి. నా ఇత్తనాలు అయిపోతాండాయి."

ఇంతమందిమి ఇన్నాళ్ళూ కూర్చుని, చేతిలో ఉన్న ఆచారాన్ని మర్చిపోయామని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తిప్పారెడ్డి లెంపలేసుకున్నాడు. శేషయ్య స్వామి అవ్వ మాట శాస్త్రం అన్నాడు. కోటీ నూట పదహారుకు ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. అప్పుడు అందరూ నా వైపు తిరిగారు.

"మేడమ్మా, ఇది తెగుతాదా?"

కుదరదు అనే మాట అప్పటికే నా నాలుక మీద ఉంది. అలవాటైపోయింది కదా. అయినా లెక్క చేయకుండా అనకూడదని ఆగాను.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం పాఠం. రెండుకు, మూడుకు, అయిదుకు, తొమ్మిదికి సూత్రాలున్నాయి, ఏడుకు లేదేమని మీ తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు. ఉంది. ఏడు, పదకొండు, పదమూడు గుణిస్తే వెయ్యిన్నొకటి. కాబట్టి పెద్ద సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా కోసి, మొదటి ముక్కలోంచి రెండోది తీసేసి, మూడోది కలిపి, అలా మార్చి మార్చి పోవాలి. వచ్చింది ఏడుతో తెగితే అసలు సంఖ్యా తెగుతుంది. కోటీ నూట పదహారులో కుడి ముక్క 116. మధ్య ముక్క మూడు సున్నాలు. ఎడమ ముక్క 10. నూట పదహారులోంచి సున్నా పోతే నూట పదహారు, పది కలిపితే నూట ఇరవై ఆరు.

ఏడు పద్దెనిమిదులు నూట ఇరవై ఆరు.

నాకు నమ్మకం కలగలేదు. విరిగిన చాక్‌పీసు వెతుక్కుని గోడ మీద మామూలు భాగహారం వేశాను. 14,28,588. శేషం సున్నా. మళ్ళీ వేశాను. మళ్ళీ సున్నా. ఇక నవ్వు ఆగలేదు. కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వాను, అందులో ఏడుపు ఎంతో నవ్వు ఎంతో నాకే తెలీదు. నాలుగు, పదకొండు, పద్దెనిమిది, ఇరవై అయిదు అని ఏడేసి పెంచుకుంటూ నేను ఎక్కిన మెట్లలోదే ఈ నూట పదహారు కూడా. నేను ఇరవై అయిదు దగ్గరే చతికిలబడ్డాను.

వెంకటస్వామి గారు పక్కన నిలబడి వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. "ఒకటి, ఒకటి, ఒకటి, ఆరు. తొమ్మిది మేడం!" అని అరిచాడు. "నేను ఎప్పుడో చెప్పినా కదా!" ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

అవ్వకు ఇదంతా తెలిసే అన్నదా అని మీరు అడుగుతారు. తెలీదు. విత్తనాలు కాపాడుకోవడానికి అన్నది. ఊళ్ళో ఎనిమిది వీధులుంటే అదే మాటకు నాలుగు నామాలు మిగిలేవి, మళ్ళీ పాడె దగ్గరికే వచ్చేవాళ్ళం. అదృష్టం లేదని హెడ్మాస్టరుతో అన్నేళ్ళు వాదించినదాన్ని, ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నాను.

పంచితే పంచినంత

ఇంటికి పోయి ఆ సంఖ్యను పూర్తిగా చీల్చి చూశాను. రెండు రెళ్ళు, రెండు మూళ్ళు, రెండు ఏడులు, చివర్న ఒక 5669. ఆ 5669ను ఇంక ఎవరూ చీల్చలేరు, అది ప్రధాన సంఖ్య. ఏడు ఒకటి కాదు, రెండున్నాయని చూసి సంతోషించాను కానీ, రెండోది దేనికి పనికొస్తుందో ఆ పూట తెలీలేదు.

మర్నాడే తెలిసింది. నేను అద్దెకున్న వీధిలో ఏడు పొదుపు సంఘాలు ఉన్నాయి. వీధి వాటాను సంఘాలకు సమానంగా పంచాలని ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. 14,28,588ని మళ్ళీ ఏడుతో భాగిస్తే 2,04,084. శేషం సున్నా. "చూసినావా, మేడం ఉంటే అన్నీ తెగుతాయి" అన్నారు. నేను కూడా కొంచెం గర్వపడ్డాను. అప్పుడు వాళ్ళు, సంఘానికి పదిమందిమి ఉన్నాం, మనిషికెంతో కూడా చెప్పెయ్యి అన్నారు. పదితో భాగిస్తే నాలుగు మిగిలాయి. చెప్పులేసుకుని, కళ్యాణదుర్గంలో పనుందని చెప్పి బస్సెక్కాను.

ఇంకో సంగతి కూడా ఇక్కడే రాసేస్తాను. తర్వాత కొన్నాళ్ళకు పక్క ఊరివాళ్ళు మా ఊరి సంఖ్య గొప్పదని విని అదే మొక్కుకున్నారు. వాళ్ళకున్నవి అయిదు వీధులు. కోటీ నూట పదహారును అయిదుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. ఉత్త కోటి అయితే సుబ్బరంగా తెగుతుంది, అది రాసుకోండని చెప్పాను.

"మీ ఊరోల్లు నూటపదార్లు ఎక్కువ రాస్తే మేము సున్నాలు రాయల్లనా?" అని నా మీదికొచ్చారు. ఆ ఒక్క నామం గురించి వాళ్ళు ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఒకరికి కలిసొచ్చిన సంఖ్యను ఇంకొకరు అరువు తెచ్చుకోకూడదని మీరు పిల్లలకు చెప్పండి. పెద్దవాళ్ళు వినరు.

పదో బిందె

ఊరంతా రాసింది. కాయలు ఒలిచే చేతులే ఖాళీ దొరికినప్పుడల్లా గళ్ళ పుస్తకాలు పట్టుకున్నాయి. చదువురాని అమ్మలకు మా బడి ఆడపిల్లలు మూడక్షరాలు నేర్పారు. నాగమ్మవ్వ కూడా నేర్చుకుంది. ఆమె రాసే 'మ' గంపలా ఉండేది. కొందరు పుస్తకాలు నా దగ్గరికి తెచ్చి, ఎన్నయ్యాయో ఎంచమని అడిగారు. గళ్ళు అచ్చువేసి ఉన్నాయి కదా, గళ్ళు నిండితే అయిపోయినట్టే అని కసిరి పంపాను.

ఆఖరి నామం తగాదా కూడా వీధి వాటాలు సమానం కావడంతో తీరిపోయింది. ఏడు వీధులవాళ్ళూ వీధికొక్క నామం మిగుల్చుకుని బడి గేటు ముందుకొచ్చారు. శేషయ్య స్వామి చేయి పైకెత్తి దించగానే ఏడు కలాలూ ఒక్కసారే కదిలాయి. పొట్టేలు ఎక్కువ ఇచ్చిన వీధి పెద్దమనిషి కలం రాయలేదు. పక్క వీధి వాడు తన కలం ఇచ్చాడు. ఆ రెండు వీధుల మధ్య ఆ పొట్టేలు తర్వాత జరిగిన మొదటి ఇచ్చిపుచ్చుకోవడం అదే.

తిప్పారెడ్డి ఫోను తీసి బోరు దగ్గరున్న జీతగాణ్ణి పిలిచాడు. "స్టార్టరు నొక్కరా!"

అవతల్నుంచి వచ్చిన జవాబు అందరికీ వినిపించింది. "కరెంటు లేదు రెడ్డీ."

ఊరు ఊరంతా బడి గేటు ముందు ఎండలో కూర్చుంది. కాసేపటికి వెనకనుంచి ఒక గొంతు, "మేడమ్మా, కరెంటు ఎప్పుడొస్తాదో లెక్కగట్టి చెప్పు" అంది. తిరిగి చూస్తే బర్రె ముసలాయన. ఇంకా ఉన్నాడు. నా మీద ఆశ ఇంకా వదులుకోలేదు.

కరెంటు ఎప్పుడొచ్చిందో తెలీలేదు. కొళాయి ముందు దగ్గింది. తర్వాత గాలి, తర్వాత ఎర్రటి బురద, తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత నీళ్ళు. తొట్టిలో పడుతున్న ఆ చప్పుడుకు తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఒకరినొకరు పట్టుకుని గెంతారు. ఎన్నడూ ఎవరినీ పొగడని నాగమ్మవ్వ నా భుజం మీద చరిచి, "పోనీలే, నా ఇత్తనాలు తిన్నందుకు పని చేసినావు" అంది.

మేరమ్మ బండి మీది బిందెలన్నీ దించి వరసగా పెట్టింది. ఒకటి నిండగానే పక్కకు జరిపి ఇంకొకటి పెడుతోంది. హెడ్మాస్టరు గారు పక్కన నిలబడి పైకే లెక్కపెడుతున్నాడు. తొమ్మిది నిండగానే చేయెత్తి, "చాలు మేరమ్మా! ఈ పొద్దుకు తొమ్మిదితో ఆపు, శుభం" అన్నాడు.

మేరమ్మ నా వైపు చూసింది. నేను ఎటో చూశాను. ఆమె చీర కొంగు బొడ్లో దోపుకుని పదో బిందె పెట్టింది.